వంక పెట్టిన ఇల్లు

తిరుపాలు ఎవరినైనా నమ్మాడంటే ఆ రోజు వాన పడుతుందని వరికుంటపాడు చుట్టుపక్కల ఒక మాట ఉండేది. ఆ మెట్ట నేలల్లో వాన ఎంత అరుదో తెలిసినవాళ్లకు అందులోని ఎగతాళి విడమరిచి చెప్పనక్కర్లేదు.

చుట్ట ముట్టించుకోవడానికి నిప్పు అడిగిన బాటసారిని కూడా ఏ ఊరు, ఎవరి కొడుకువి, ఈ దోవన ఎందుకొచ్చావు అని ఆరా తీసేవాడు. అంతా విన్నాక కూడా కొరివి తన చేతిలోనే పట్టుకుని ముట్టించేవాడు గాని, అతని చేతికి ఇచ్చేవాడు కాదు. ఉన్ని కత్తిరించేవాళ్లు వస్తే, వాళ్లు అన్నం తినేంతసేపూ కత్తెరలు తిరుపాలు చంకలోనే ఉండేవి. గుళ్లో ప్రసాదం చేతిలో పడితే పక్కవాడు నోట్లో వేసుకునేదాకా ఆగేవాడు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు కదా, గొర్రెల మధ్య పుట్టి, గొర్రెల మధ్య పెరిగి, గొర్రెలా మాత్రం బతకనని ఒట్టు పెట్టుకున్న మనిషి అతను.

నవ్వడం తేలికే. కానీ ఒక ఎండాకాలం మాలకొండకు మొక్కు చెల్లించడానికి పోతున్నానంటూ నామాలు పెట్టుకున్న ఒక మనిషి వచ్చి, మందల దగ్గర తల వాల్చుకుంటానని బతిమాలాడు. అందరూ సరేనన్నారు, మజ్జిగ కూడా పోశారు. తిరుపాలు ఒక్కడే అతని కాళ్లు చూశాడు. అంత దూరం నడిచొచ్చానంటున్నవాడి కాళ్లకు దుమ్మేదీ? మాట్లాడకుండా తన మందను అవతలి గట్టుకు తోలుకుపోయాడు. తెల్లారేసరికి మిగతా మందల్లో మంచి పొట్టేళ్లు లేవు, నామాల మనిషీ లేడు. ఆనాటి నుంచి తిరుపాలును వెక్కిరించేవాళ్లు సైతం ఏదైనా కొనబోయే ముందు అతన్ని వెంటబెట్టుకుని పోయేవాళ్లు.

అతని అసలు ప్రతాపం ఉదయగిరి సంతలో చూడాలి. సంతలో జీవాన్ని కొనేవాడు ముందు దానికి వంక పెట్టాలి, అదీ నలుగురూ వినేటట్టు. "ఇదేంది, గొర్రెనా తుమ్మమొద్దా? పళ్లు చూస్తే మా అవ్వ కంటే పెద్దదిగా ఉండాది!" అని అరవాలి. అమ్మేవాడు దానికి నొచ్చుకోడు. వంక పెట్టకుండా ఊరికే చూసేవాణ్ణి చూస్తేనే అతనికి అనుమానం. వీడి దగ్గర డబ్బు లేదేమో, లేకుంటే వీడు దొంగేమో అనుకుంటాడు. తాడు చేతులు మారిందా, అంతే, అదే నోరు అదే గొర్రెను లక్ష్మీదేవి అంటుంది. సాయంత్రానికి సంత ఎత్తేసినప్పుడు ఆ తిట్లన్నీ దుమ్ములో కలిసిపోతాయి. ఎవరూ ఇంటికి మోసుకుపోరు.

వంక పెట్టడంలో తిరుపాలుకు సాటి లేదు. వినడానికే జనం మూగేవాళ్లు. పైగా అతనికొక గర్వం ఉండేది. తను పెట్టే వంకను ఇంత దాన్ని అంత చేస్తాడేమో గాని, లేని వంకను మాత్రం పెట్టడు. కుంటుతుందని అతనన్న మేక ఆ నెలలో కాకపోతే మరు నెలలో కుంటేది. కన్ను అలాంటిది.

అతని భార్య నాగులమ్మ వరుసకు మేనకోడలే. పిల్లలు కలగలేదు. మంద ఎక్కడికి పోతే ఆమె అక్కడికి పోయేది. గాడిద మీద కుండలు, చాపలు వేసుకుని, ఏ చెట్టు నీడ దొరికితే అక్కడ వండి, ఏ చేలో మంద కడితే ఆ చేలో పడుకునేది. పుట్టింటి గుడిసెకూ తలుపు లేదు, అత్తింటి గుడిసెకూ తలుపు లేదు, తాటాకు తడిక తప్ప. యాభై దాటేసరికి ఆమె మోకాళ్లు వాచిపోయాయి. ఆత్మకూరు ఆస్పత్రికి తీసుకుపోతే డాక్టరు నొక్కి చూసి, ఈమె ఇంక మంద వెంట నడిస్తే మంచం మీదే ఉండిపోతుందని చెప్పాడు.

తిరిగి వచ్చే దోవలో నాగులమ్మ ఆత్మకూరు వీధులను బండిలోంచి చూస్తూ ఉండిపోయింది. ఊరు దాటాక అంది, "మామా, నాకొక ఇల్లు కావాల. పెద్దది వద్దు. లోపల గెడ పెట్టుకునే తలుపుంటే చాలు. ఒక్కనాడన్నా తలుపేసుకుని పండుకోవాలని ఉండాది."

ఆమె ఏదైనా కావాలని నోరు తెరిచి అడగడం తిరుపాలు అంతకుముందు వినలేదు. మంద అమ్మేస్తాను, ఆత్మకూరులో ఇల్లు కొంటాను అన్నాడు అక్కడికక్కడే. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు అది.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గాని, ఇల్లు కొని చూడమని ఎవరూ అనలేదు. తిరుపాలు చూశాడు. అతనికి ఇళ్లు చూపించినవాడు దస్తగిరి. ఆత్మకూరులో జట్కా తోలుతూ, జట్కా ఎక్కినవాళ్లతో మాటలు కలిపి ఇళ్లకూ స్థలాలకూ బేరాలు కుదిర్చేవాడు. అతను చూపించిన మొదటి ఇంటి గోడకు చెమ్మ ఉందన్నాడు తిరుపాలు. రెండో ఇంటి ఎదురుగా ఉన్నవాడి చూపు మంచిది కాదన్నాడు. మూడో ఇంటి యజమాని మరీ మర్యాదగా కాఫీ ఇప్పించాడు కాబట్టి ఆ ఇంటి గడప కూడా తొక్కలేదు.

"తిరుపాలన్నా, నీకు ఇల్లు చూపించేదానికంటే నా గుర్రానికి చదువు చెప్పేది మేలు" అన్నాడు దస్తగిరి. అయినా నాలుగోది చూపించాడు.

అది సుబ్బరత్నమ్మ ఇల్లు. ఆమె భర్త వరదయ్య రోడ్డు పనుల మేస్త్రీగా ఉండి, సెలవు దొరికినప్పుడల్లా తన చేత్తో రాయి పేర్చి కట్టుకున్న పెంకుటిల్లు. ముందు చిన్న పంచ, లోపల పెద్ద గది, వెనక వంటిల్లు, దొడ్లో బావి. వరదయ్య జ్వరం వచ్చి పోయాడు. ఒక్కగానొక్క కూతురు కోవూరులో కాపురం ఉంది, తల్లిని తన దగ్గరికి వచ్చేయమంటోంది. అందుకని ఇల్లు అమ్మకానికి పెట్టింది.

వీధి తలుపు టేకుది. లోపల గెడ అరచెయ్యి అంత వెడల్పు. తిరుపాలు దాన్ని లాగి చూశాడు, నెట్టి చూశాడు. అది నెయ్యి పూసినట్టు జారింది. నాగులమ్మ చెయ్యి దాని మీద ఉన్నట్టు అతనికి కళ్లకు కట్టింది. ఇల్లు నచ్చింది. నచ్చింది కాబట్టే అనుమానం మొదలైంది.

ధర విన్నాక అది ముదిరింది. అంతకంటే చిన్న ఇళ్లకు అంతకంటే ఎక్కువ చెప్పారు. పైగా వేరుశనగ వ్యాపారి ఒకాయన గోదాము కోసం జాస్తి ఇస్తానన్నా ఈమె ఒప్పుకోలేదని దస్తగిరే నోరు జారాడు.

"ఎక్కువిచ్చేవాడికి అమ్మకుండా తక్కువిచ్చేవాడికి ఎందుకు అమ్ముతుండావమ్మా?" అని తిరుపాలు మొహం మీదే అడిగాడు.

"గోదాము చేస్తే పొయ్యి పీకేస్తారు, అడ్డగోడలు కొట్టేస్తారు. మా ఆయన ఒక్కొక్క రాయీ ఎత్తి కట్టినాడు పెద్దాయనా. మనుషులు కాపురం ఉండేటట్టయితే నాలుగు రూకలు తగ్గినా నాకు బాధ లేదు" అంది సుబ్బరత్నమ్మ.

ఇంతకంటే తిన్నని మాట ఇంకొకటి ఉండదు. కానీ తిన్నని మాటలంటేనే తిరుపాలుకు భయం. ఉన్న లోపాన్ని దాచుకున్న మనిషే ఇలా కళ్లల్లోకి చూసి మాట్లాడుతుందని అతని లెక్క. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఇతను కీడు ఎంచడం దగ్గరే ఆగిపోయే మనిషి.

ఆ రోజంతా ఇంటిని జీవాన్ని పరీక్షించినట్టు పరీక్షించాడు. గోడలు తట్టాడు, బావి నీళ్లు పుక్కిలించి ఉమ్మాడు, నేల మీద చెవి పెట్టి విన్నాడు. ఏ వంకా దొరకలేదు. వంక లేని జీవం ఈ భూమ్మీద లేదని నమ్మినవాడికి అంతకంటే దిగులు ఏముంటుంది? చివరికి తల పైకెత్తి చూస్తే పెద్ద గదిలో దూలం కనిపించింది. దాని నడుమ ఒకచోట కొయ్య నున్నగా అరిగిపోయి, పల్లంగా ఉంది.

అప్పటికి ఇల్లు చూడవచ్చిన మనిషిని చూడడానికి వీధిలోవాళ్లు పంచలో చేరారు. ఎదురుగా కాఫీ హోటలు పెట్టుకున్న కామయ్య, అతని చిన్న కూతురు, నేతపని వాళ్లు ఇద్దరు. నలుగురు చేరారంటే తిరుపాలుకు అది సంతే. గొంతు దానంతటదే లేచింది.

"ఏంది సాయిబూ, ఆ దూలం అట్టా ఒరుసుకుపోయి ఉండాది? తాడు ఒరుసుకున్నట్టు లేదూ? ఈ ఇంట్లో ఎవురన్నా ఉరేసుకుని చచ్చినారా ఏంది? ఆడకూతురు ఎవురన్నా? చెప్పండబ్బా, కొనేవాడికి తెలవద్దా!"

సంతలో అయితే ఈ మాటకు పకపకా నవ్వేవాళ్లు, అమ్మేవాడు ఇంకో మాట విసిరేవాడు. ఇక్కడ ఎవరూ నవ్వలేదు. కామయ్య తల ఎత్తి దూలాన్ని చూశాడు. నేతపని వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సుబ్బరత్నమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. వెనుదిరిగి లోపలికి పోయింది. అవునా కాదా అని చెప్పడానికైనా మనసు రానంత దెబ్బ అది. తిరుపాలుకు మాత్రం బేరంలో దెబ్బ సరైన చోట తగిలిందనిపించింది.

బేరం కూడా సంత పద్ధతిలోనే జరిగింది. తువ్వాలు పరిచి, దాని కింద చెయ్యి పెట్టి ధర తెలిపేలా వేళ్లు నొక్కడానికి సిద్ధమైతే, అవతల ఉన్నది ఆడమనిషి. ఆమె తరఫున దస్తగిరి చెయ్యి పెట్టాడు. "ఇండ్లకు తువ్వాలు బేరం నేను యాడా చూడలేదన్నా" అని గొణుక్కుంటూనే వేళ్లు నొక్కాడు. చెప్పిన ధర మరి కొంచెం తగ్గింది. తిరుపాలు బయానా ఇచ్చి, మంద అమ్ముకుని వస్తానని బస్సెక్కాడు. బస్సెక్కాక కూడా, అంత తేలిగ్గా ఎందుకు తగ్గించిందా అని ఆలోచిస్తూనే ఉన్నాడు.

మంద అమ్మడానికి కొన్ని వారాలు పట్టింది. మంచివన్నీ ఉదయగిరి సంతలో పోయాయి. మిగిలినవాటిని కలిగిరి తోలుకుపోయి అక్కడి వ్యాపారికి అప్పగించి, నీడన కూర్చున్నాడు. పక్కనే ఒక గాజులామె భుజం మీది మలారం దించుకుని, కూడిన ఆడవాళ్లకు గాజులు తొడుగుతూ కబుర్లు చెబుతోంది. ఆమె నిన్ననే అనుమసముద్రంపేట దర్గా నుంచి వచ్చిందట. అక్కడికి గాలి సోకినవాళ్లను తెస్తారు కదా, కథలకు కొదవ ఉండదు.

"ఆత్మకూరులో ఒక ఇల్లుండాది. ఆ ఇంట్లో ఆడకూతురు ఉరేసుకున్నింది. తాడు ఒరుసుకుని దూలం అరిగిపోయిందంటే చూడండమ్మా, ఎన్నాళ్లు ఎవురూ చూసుకోలేదో! పొద్దుగూకితే ఆ దూలం కిర్రుమంటదంట. ఎవుడో గొర్రెలోడిని పట్టి అంటగడుతుండారంట పాపం."

తిరుపాలు ఆమె వైపు జరిగాడు. "ఏ వీధి?" అన్నాడు. ఆమె చెప్పింది. అదే వీధి. ఎదురుగా కాఫీ హోటలు కూడా ఉందంది.

నిజం చెప్పాలంటే భయం కంటే ముందు అతనికి సంతోషం కలిగింది. చూశావా నా కన్ను! ఊరంతా దాచినా నేను పట్టుకున్నాను! ఆ తర్వాతే భయం వచ్చింది, దాని వెనక మండిపాటు వచ్చింది. తలుపు వేసుకుని పడుకోవాలని ముచ్చటపడ్డ నాగులమ్మను ఆ దూలం కింద పడుకోబెట్టబోయానే అనుకున్నాడు. వ్యాపారి ఇచ్చిన డబ్బు మొలలో కట్టుకుని, ఆత్మకూరు బస్సెక్కి, దిగీ దిగగానే జట్కాల దగ్గరికి పోయి దస్తగిరి గుర్రం కళ్లెం పట్టుకున్నాడు.

"నా బయానా నాకు ఇచ్చెయ్! ఉరేసుకున్న ఇంటిని నాకు అంటగడతారా? నాకు తెలిసిపోయినాది!"

దస్తగిరి మొదట ఎగాదిగా చూశాడు. ఎవరు చెప్పారని అడిగాడు. గాజులామె అని చెప్పాడు తిరుపాలు. ఆమెకు ఎవరు చెప్పారు? దర్గాలో ఎవరో. ఏమని? తాడు ఒరుసుకుని దూలం అరిగిందని. దస్తగిరి కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. ఆ తర్వాత అతని మొహంలో నవ్వు పోయింది.

"అన్నా, ఆ మాట పంచలో నిలబడి గొంతు చించుకుని అన్నది ఎవురు? నువ్వు గాదా? నువ్వు పోయినాక కామయ్య హోటల్లో అదే మాట. ఆ నేతోళ్లు గుడ్డలమ్మేదానికి అనుమసముద్రంపేట పోయినారు, ఆడ అదే మాట. ఆ మాట ఊరంతా తిరిగి నీకాడికే వచ్చినాది. నీ మాటకు నువ్వే భయపడి వచ్చినావు!"

తిరుపాలు కళ్లెం వదిలేశాడు. లేదు, ఇతను బేరం పోతుందని అబద్ధమాడుతున్నాడు అనుకోబోయాడు. కానీ ఒరుసుకోవడం అన్న మాట, ఆడకూతురు అన్న మాట, రెండూ అచ్చంగా తన నోటివే. తన గొర్రెకు తను వేసిన గుర్తును ఏ మందలో చూసినా పోల్చుకోగలడు కదా.

సుబ్బరత్నమ్మ ఇంటికి పోతే తలుపు దగ్గరగా వేసి ఉంది. పిలిస్తే వచ్చింది. ఆ కొన్ని వారాల్లోనే మనిషి సగమైంది.

"మా పాప పుట్టినప్పుడు ఆయన ఆ దూలానికి ఉయ్యాలబల్ల కట్టినాడు. దానికి పెండ్లయ్యేదాకా దించలేదు. పొద్దస్తమానం ఊగేది. ఒక్కచోట కలిపి కట్టిన ఆ తాళ్లు ఒరుసుకున్నదే అది" అంది, అతను అడగకముందే. "నా బిడ్డ కోవూరులో పిల్లల్ని పెంచుకుంటా ఉంటే, ఈడ దాన్ని ఉరేసి చంపినారు. మజ్జిగకొచ్చే పిల్లల్ని తల్లులు పంపడం మానేసినారు. వేరుశనగ ఆయన కూడా నాకొద్దని చెప్పి పంపినాడు. నీకు ఇష్టం లేకుంటే నీ బయానా నువ్వు తీసుకుపో పెద్దాయనా. నువ్వన్న మాటను మాత్రం ఎవురు తీసుకుపోతారు?"

తిరుపాలుకు తల కొట్టేసినట్టయింది. కొట్టించుకున్నా తిట్టించుకున్నా అంత సిగ్గు కలిగేది కాదు. "తప్పయినాది తల్లీ, మా సంతలో అది మామూలు" అని గొణిగాడు. ఆమెకు సంత ఏం తెలుసు? గొర్రెను తిడితే గొర్రెకు తెలియదు. ఇల్లు కొన్నవాడు ఆ ఇంట్లోనే ఉండాలి, పక్కవాళ్లు ఆ పక్కనే ఉంటారు, అన్న మాట కూడా వాళ్లతోపాటే కాపురం ఉంటుంది. ఇంత వయసొచ్చిన మనిషికి ఇది ఇప్పుడు తెలిసింది.

ఎదురుగా కామయ్య హోటలుకు పోయి, కూర్చున్న వాళ్లందరికీ వినపడేలా చెప్పాడు, ఆ మాట తనే బేరానికి అన్నాడని, అది ఉయ్యాల తాడని.

కామయ్య గ్లాసులు కడుగుతూ, "ఆ పొద్దు ఉండాదంటివి, ఈ పొద్దు లేదంటివి. ఈ మధ్యన ఆమె ధర ఇంకా తగ్గించినాదా ఏంది?" అన్నాడు. హోటల్లో వాళ్లు మూతులు తుడుచుకుని లేచిపోయారు.

తిరుపాలు ఆ ఇంటిని కొన్నాడు. తువ్వాలు కింద తగ్గించిన ధరకు కాదు, ఆమె మొదట నోటితో చెప్పిన ధరకు. రిజిస్ట్రేషను చేయించి తాళంచెవి తీసుకున్నాడు. సుబ్బరత్నమ్మ దస్తగిరి జట్కాలో పెట్టె పెట్టుకుని, ఇంటివైపు తిరిగి దండం పెట్టి, కోవూరు బస్సుకు పోయింది. తిరుపాలు వైపు మాత్రం తిరగలేదు.

నాగులమ్మను తీసుకురావడానికి ఊరికి పోయినప్పుడు ఈ సంగతేదీ ఆమెతో చెప్పలేదు. ఇల్లు ఎలా ఉందో మాత్రం చెప్పాడు. టేకు తలుపు, గెడ, దొడ్లో బావి, తియ్యటి నీళ్లు. ఆమె వింటూ కుండలు సర్దుకుంది. బండిలో కూర్చున్నప్పటినుంచి నోరు విప్పలేదు. లోకంలో ప్రతివాడి మౌనాన్నీ అనుమానించిన మనిషి పెళ్లాం మౌనాన్ని మాత్రం సంతోషమనుకున్నాడు.

బండి ఇంటి ముందు ఆగేసరికి పొద్దు వాలుతోంది. తిరుపాలు పరుగున దిగి తాళం తీసి, తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచాడు. "దిగు నాగులూ. కుడికాలు పెట్టి రా."

నాగులమ్మ బండి పలకను గట్టిగా పట్టుకుని, తెరిచిన తలుపులోంచి లోపలికి చూసింది. పైకి చూసింది.

"ఆ దూలం ఉండే ఇల్లేనా మామా?"

తిరుపాలు తలుపు వదిలేసి బండి దగ్గరికి వచ్చాడు. "నీకెవురు చెప్పినారు?"

"గాజులామె వచ్చినాది మన ఊరికి. గొర్రెలోడికి అంటగట్టినారంటే నువ్వు కాదులే అనుకున్నా. నీకు అంటగట్టేవాడు ఇంకా పుట్టలేదని ఆమెతో నవ్వినా గూడా."

అతను బండి చక్రం పట్టుకుని నిలబడి అంతా చెప్పాడు. తనే వంక పెట్టాడని, అది ఉయ్యాల తాడని, ఆ ఇంటి బిడ్డ కోవూరులో చల్లగా ఉందని చెప్పాడు. తన జీవితంలో అంత తిన్నగా, ఏ దాపరికమూ లేకుండా అతను ఎవరితోనూ మాట్లాడి ఉండడు.

నాగులమ్మ ఓపిగ్గా వింది. ఆమె మొహంలో కోపం లేదు. జాలిలాంటిది ఉంది.

"మామా, సంతలో ఇన్నేండ్లు నీ పక్కనే నిలబడినదాన్ని నేను. కొనకముందు వంక పెడతావు, కొన్నాక లక్ష్మీదేవి అంటావు. ఇందులో ఏది నిజమో నాకు తెలవదా?"

"ఏది నిజం?"

"ముందు చెప్పిందే. లేని వంక నువ్వు ఎప్పుడన్నా పెట్టినావా? నువ్వు కుంటుతాదన్న జీవం కుంటకుండా ఉన్నిందా? ఆ దూలాన్ని చూడంగానే నీ నోట్లోంచి ఆ మాట వచ్చిందంటే ఉత్తినే రాలేదు. నీ కన్ను నాకు తెలుసు. అందురూ నిన్ను ఎగతాళి చేసినారు గాని, నేను ఒక్కనాడూ చెయ్యలేదు."

ఆమె తనను నమ్మడం లేదంటే తిరుపాలు ఏదో ఒకటి చెప్పి ఒప్పించేవాడు. ఆమె నమ్ముతోంది, ప్రాణం పెట్టి నమ్ముతోంది. నమ్మింది అతని మాటను కాదు, అతని అనుమానాన్ని. దాన్ని ఎవరు వచ్చి మాన్పించగలరు?

ఆ ఇంట్లో ఏమీ లేదని చూపించడానికి తనే లోపలికి పోయాడు. పెద్ద గదిలో, సరిగ్గా దూలం కింద, వెల్లకిలా పడుకున్నాడు. "చూడు, నాకేమయినాది? రా!" అని అరిచాడు. పెంకుల సందుల్లోంచి వచ్చే వెలుతురు తగ్గుతోంది. దూలం మీద ఆ పల్లం నల్లగా కనిపిస్తోంది. ఉయ్యాల తాడే అది, తనకు తెలుసు. అయినా ఊపిరి బిగబట్టి, కిర్రుమంటుందేమోనని వింటున్న సంగతి అతనికే కాసేపటికి గాని తెలియలేదు. గబుక్కున లేచి బయటికి వచ్చాడు.

నాగులమ్మ అప్పటికి బండి దిగింది. వాచిన మోకాళ్లను చేత్తో నొక్కుకుంటూ, ఇంటి పక్కన ఖాళీ జాగాలో రాళ్లు పెట్టి, పుల్లలు ముట్టించి ఎసరు పెట్టింది. చెట్టు కింద చాప పరిచింది. అతను పోయి ఆమె పక్కన చతికిలబడ్డాడు. ఇంటి వైపు చూడాలనిపించలేదు. తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి.

హోటలు కట్టేసి, కూతురి చెయ్యి పట్టుకుని ఇంటికి పోతున్న కామయ్య వీళ్లను చూసి ఆగాడు. పొయ్యిని చూశాడు, చాపను చూశాడు, చీకటి పడుతున్న ఇంటిని చూశాడు.

"ఏం పెద్దాయనా, బయటనే ఉండారు? లోపల ఏమన్నా..."

"ఏమీ లేదయ్యా" అన్నాడు తిరుపాలు. "ఉక్కగా ఉండాదని ఈడ కూర్చున్నాం. ఏమీ లేదు, నా మాట నమ్ము."

"అట్టాగే, అట్టాగే" అన్నాడు కామయ్య. బిడ్డను దగ్గరికి లాక్కుని, వీధి అవతలి పక్కకు దాటి పోయాడు.